ఐదో నంబరు బాయి నీళ్ళు

మమతారాణి పుట్టి పెరిగింది సిరిసిల్లల, మరమగ్గాల షెడ్డు వెనుక రెండర్రల ఇంట్ల. బాపు మగ్గం నడుపుతుండె, అవ్వ కండెలు చుట్టుతుండె. ఎనిమిది మగ్గాలకు కట్టిన షెడ్డుల సేటు పదహారు మగ్గాలు ఇరికిస్తే ఏమైతదో ఆమెకు ఐదో తరగతిలనే తెలుసు. ఎండకాలం రేకుల కింద గాలాడక మోటర్లు మాడుతుండె, పోగులు పటపట తెగుతుండె. బాపు తడి తువ్వాల నెత్తిన వేసుకొని బైటికొచ్చి కూసునేటోడు. వేడిని బైటికి పంపే తొవ్వ లేకపోతే ఎంత మంచి మిషనైనా దండుగ అని ఆమెకు పుస్తకాలు చెప్పకముందే ఆ షెడ్డు చెప్పింది.

ఇప్పుడామెకు ముప్పై నాలుగేండ్లు. హైదరాబాదుల ఒక డిజైన్ ఆఫీసుల ఇంజనీరు. పదకొండేండ్ల సంది ఒకటే పని: కంప్యూటర్లు నిండిన డేటా సెంటర్లను చల్లగ ఉంచేటట్టు డిజైన్ చేసుడు. అట్లాంటివి తొమ్మిది చేసింది. పదోది బెల్లంపల్లి కాడ వచ్చింది.

వచ్చినప్పుడే అది మామూలుది కాదని అర్థమైంది. ఇదివరకు ఒక్కో బీరువాల పది కిలోవాట్ల మిషన్లుండేటియి. చల్లగాలి ఊదితే సరిపోయేది. బెల్లంపల్లిల పెట్టేటియి కృత్రిమ మేధకు చదువు చెప్పే మిషన్లు. ఒక్కో బీరువా నూట ఇరవై కిలోవాట్ల కరెంటు తింటది, తిన్నదంతా వేడిగ కక్కుతది. మనిషెత్తు ఇనుప బీరువాల నూట ఇరవై ఇస్త్రీపెట్టెలు ఒక్కపాలి కాలుతున్నట్టు. అసొంటి బీరువాలు నలభై ఎనిమిది. ఆ వేడిని గాలి మొయ్యలేదు. నీళ్ళే మొయ్యాలె. ఒక్కో చిప్పు మీద రాగిపలక కూసోబెట్టి, దాంట్ల సన్నటి తొవ్వలగుండ నీళ్ళు పారించాలె. ఆ నీళ్ళు మంచులెక్క ఉండనక్కర లేదు, నలభై డిగ్రీలున్నా చాలు. కాని బెల్లంపల్లిల మే నెలల గాలే నలభై ఏడు డిగ్రీలుంటది. గాలికంటె చల్లగ నీళ్ళను ఎట్ల చేసుడన్నదే ప్రశ్న.

కట్టించే కంపెనీల పెద్ద ఇంజనీరు హరీష్‌ది కరీంనగర్. మాట సూటి, పని గట్టి. ఆయన మొదటి మీటింగులనే తేల్చేసిండు. "పెద్ద చిల్లర్లు పెడదాం. వాటి వేడి తీసేదానికి కూలింగ్ టవర్లు. అందరు చేసేదే మనం చేద్దాం మమతా గారు. కొత్త ప్రయోగాలకు ఇది జాగ కాదు."

చిల్లరంటే భవనమంత ఫ్రిజ్జు. కూలింగ్ టవరంటే నీళ్ళను ఆవిరి చేసి చల్లబరిచే గోపురం. అది ఎండకాలం రోజుకు రెండు లక్షల లీటర్ల పైన తాగుతది. మమతారాణి కాయిదం మీద ఆ లెక్క వేసి చూసుకొని, జాగ చూద్దామని బెల్లంపల్లికి పోయింది.

అది నవంబరు నెల. ఊరవతల సర్కారుతుమ్మలు మొలిచిన పాత బొగ్గుబాయి జాగ. అటు దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటరు. ఐదో నంబరు బాయి మూతపడి ఇరవై రెండేండ్లైంది. పక్కనున్న వాడల ఆడోళ్ళు బిందెలు పట్టుకొని నల్ల కాడ నిలబడ్డరు. మెడల ఐడీ కార్డు చూసి ఒక పెద్దామె అడ్డమొచ్చింది. ఆమె పేరు భూమవ్వ.

"గా పెద్ద బిల్డింగు కట్టేటోళ్ళు మీరేనా?"

"అవునమ్మా."

"మా నల్ల మూడొద్దులకోపాలి వస్తది. ఎండకాలం గదీ రాదు. గా నీళ్ళు గూడ మీ మిషన్లకు తాపుతరట గదా. మరి మేమేం తాగాలె?"

"ఎట్లన్న జేసి మీ నల్ల నీళ్ళు ముట్టకుండ చూస్తనమ్మా," అని మాటిచ్చింది మమతారాణి.

అరుగు మీద చుట్ట ముట్టించుకుంటున్న ముసలాయన నవ్విండు. "నీళ్ళకేం కరువే? మన కాళ్ళ కిందనే సముద్రమున్నది."

"నీ బాయి నీళ్ళు ఎవలు తాగుతరు?" అని భూమవ్వ మొగుని మీద కసిరింది. ఆయన పేరు అంతయ్య. ఐదో నంబరు బాయిల ముప్పై ఏండ్లు పంపు ఆపరేటరుగ చేసిండు. బొగ్గు తవ్వుతుంటె ఊరే నీళ్ళను రేయింబవళ్ళు పైకి తోడి పారబోసుడే ఆయన కొలువు. పంపులు ఆగిననాటి నుంచి బాయి నిండుకుంటనే ఉన్నది.

"తాగనీకి గాదు తాతా," అన్నది మమతారాణి, "ఆ నీళ్ళు చల్లగుంటయా?"

అంతయ్య చుట్ట పక్కకు పెట్టి ఆమె మొకం దిక్కు చూసిండు. ఇంతవరకు ఆ ముచ్చట ఆయన్ని ఎవలూ అడగలే. "ఎండకాలం చల్లగుంటయి, చలికాలం గోరువెచ్చగుంటయి. నీళ్ళు మారవు బిడ్డా. మారేది మనమే."

బాయి గాలికోసం వేసిన పాత బోరొకటి తెరిచే ఉండె. మర్నాడు మమతారాణి పొడుగు తీగకు థర్మామీటరు కట్టి అండ్ల దింపింది. ఇరవై తొమ్మిది డిగ్రీలు. డిసెంబరుల మళ్ళ వచ్చి దింపింది. ఇరవై తొమ్మిది. పాత కాయిదాలు తీసి తవ్విన బొగ్గు లెక్క చూస్తే, లోపల నలభై లక్షల ఘనపు మీటర్ల నీళ్ళున్నట్టు తేలింది.

వారం రోజులు ఆమె సరిగ్గ అన్నం తినలే. కాయిదం మీద ఒక బొమ్మ రూపం కట్టుతున్నది. బాయి నీళ్ళను ఒక దిక్కు నుంచి పైకి తేవాలె. ఉక్కు పలకల సందుల పారిస్తే అవతలి దిక్కున్న శుభ్రమైన మిషను నీళ్ళు చల్లబడుతయి. రెండు నీళ్ళు ఒకదాన్నొకటి ముట్టవు. వేడెక్కిన బాయి నీళ్ళను ఇంకో దిక్కు నుంచి మళ్ళ బాయిలకే దింపాలె. చుక్క గూడ ఖర్చు కాదు. ఎండ ముదిరిన గంటలకు మాత్రమే బాయి. మిగిలిన ఏడాదంత కప్పు మీది ఫ్యాన్ల రేడియేటర్లు చాలు. చలికాలం అదే రేడియేటర్లతోని బాయి నీళ్ళను మళ్ళ చల్లార్చి పెట్టుకోవచ్చు. చిల్లర్లే వద్దు.

హరీష్ బొమ్మను సాంతం చూసిండు. "బాగుంది. కాని లోపల నీళ్ళు ఎటు పోతయో మీకు కనపడదు. మీరు దింపిన వేడినీళ్ళే తిరిగి మీ పంపుకొస్తే?"

"రావు సార్. తోడే బోరుకు, దింపే బోరుకు నడుమ గట్టి బొగ్గుగోడ ఉంది. బాయి లోపలి తొవ్వల నక్షల ఉంది."

"అయితే చేసి చూపించండి. అనుమతులు నేను తెప్పిస్త. పెద్ద హీటర్లు పెట్టి నెల రోజులు నడపండి. పైకొచ్చే నీళ్ళు ముప్పై రెండు దాటితే చిల్లర్ల ఆర్డరు పెడత."

సంక్రాంతి పోయినంక పరీక్ష మొదలైంది. మూడొద్దులు ఇరవై తొమ్మిది మీద సూది కదలలే. నాలుగో రోజు ముప్పై. ఐదో రోజు ముప్పై ఒకటిన్నర. ఏడో రోజు, సోమవారం పొద్దున, మమతారాణి మీటరు ముందర నిలబడ్డది. ముప్పై మూడు. మీటరే చెడిపోయిందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టింది. అదీ ముప్పై మూడే చూపింది.

హరీష్ ఫోన్ల కోపానికి రాలే, అదే ఇంకింత బాధైంది. "మీ మీద నమ్మకం పోలేదు మమతా గారు. కాని శుక్రవారం ఆర్డరు పెట్టాలె. తర్వాతైతే చిల్లర్లు ఎండకాలానికి అందవు."

ఫోను పెట్టేసినంక ఆమె సర్కారుతుమ్మ నీడల రాయి మీద కూసుంది. పదకొండేండ్లల ఆమె డిజైన్ తప్పు పోవుడు ఇదే మొదటిసారి. ఇంతల నక్ష గుర్తుకొచ్చింది. నక్షను నమ్మింది గని, బాయిల తిరిగిన మనిషిని అడగలే. లేచి, నక్ష చుట్టి చంకల పెట్టుకొని అంతయ్య ఇంటికి నడిచింది.

అంతయ్య నక్షను అరుగు మీద పరిచి, నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టిండు. వేలు పెట్టి బాయిలకు దిగినట్టే దిగిండు.

"గీ నక్ష ఎప్పటిది బిడ్డా?"

"బాయి మూసిన ఏడాదిదే తాతా. ఆఖరి నక్ష."

"ఏడాది అదే. గని గీసింది ఉగాదికి. బాయి బందైంది దీపావళికి. నడుమ ఏడు నెలలు మేం ఊకె కూసున్నమా?"

మమతారాణి నక్ష మీదికి వంగింది. "ఏం చేసిన్రు?"

"బొగ్గు దీసినం. మల్లేం జేస్తం? నువ్వు గట్టి గోడ అంటున్న జాగల మేం అడ్డంగ ఒక దారి కొట్టినం. గిక్కడికెళ్ళి గిక్కడికి." అంతయ్య గోరుతోని కాయిదం మీద గీత గీసిండు. ఆ గీత ఒక బోరు పక్క నుంచి ఇంకో బోరు పక్కకు సూటిగ పోయింది. "నీ వేడినీళ్ళు దగ్గరి తొవ్వ దొరికి ఉరుకొస్తున్నయి. నీళ్ళ తప్పేమున్నది?"

"మరి ఎక్కడ దింపితే రావు?"

"పడమటి దిక్కు. తొమ్మిదో లెవెల్ తొవ్వ ఆఖరుకు. అక్కడ దింపితే కోసున్నర దూరం సుట్టు తిరిగి రావాలె. వచ్చేటాలకు చల్లబడి వస్తయి." ఆయన వేలు ఆపిన కాడ నక్షల ఏమీ లేదు. నల్లటి గట్టి బొగ్గని గీసుంది.

"తాతా, ఇక్కడ నక్షల తొవ్వనే లేదు."

"గా తొవ్వల నేను పంపు పెట్టి నడిపిన. ఆఖరి మూడు నెలలు. రోజుకు రెండుపాలీలు నడిచిపోయిన. నక్షకు కాళ్ళున్నయా?"

భూమవ్వ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చుకుంట అన్నది, "గాయన ఇంట్ల ఉప్పు డబ్బ ఏడున్నదో ఎరుకలేదు గని, బాయిల రాయి రాయి ఎరుకే. నమ్ము బిడ్డా."

కొత్తగ వెయ్యాల్సింది గొట్టం దించేటంత సన్నటి బోరు. దిగాల్సింది ఎనభై మీటర్ల లోతున నాలుగు మీటర్ల వెడల్పున్న తొవ్వలకు. రెండు మీటర్లు అటో ఇటో పోతే బొగ్గుల కూరుకుంటది. అంతయ్య, మనుషులను బాయిలకు దింపే పాత చక్రం నిలబెట్టిన సిమెంటు గద్దె కాడికి పోయి, దానికి వీపు ఆనించి నిలబడ్డడు. కండ్లు మూసుకున్నడు. పెదాలు కదులుతున్నయి. తర్వాత నడుసుడు మొదలుపెట్టిండు. తుప్పలు అడ్డమొస్తే పక్కకు జరుపుకుంట, వంపు కాడ ఆగి, పక్కకు తిరిగి, మళ్ళ నడిచిండు. వెనుక మమతారాణి సర్వే పరికరం పట్టుకొని ప్రతి మలుపును కొలుచుకుంట పోయింది. లోపలి వాలు ఎంత, పైన నేల ఏటవాలెంత అని లెక్క సరిచేసుకుంట పోయింది. ఒక మోదుగ చెట్టు దాటినంక అంతయ్య ఆగి మడమతోని మట్టిల గుంత చేసిండు.

"గిక్కడ."

ఆమె లెక్క ఆయన మడమకు రెండు గజాల అవతల పడ్డది. ఇద్దరికి చెరొక గుర్తు. ఎవరి గుర్తు మీద బోరెయ్యాలె? మమతారాణి తన గుర్తు చూసింది, ఆయన మొకం చూసింది. ఆయన ఆఖరి మలుపు కాడ రెండు అంగలు పక్కకేసిండు గదా, అదెందుకని అడిగింది.

"కప్పు కిందికున్నది అక్కడ. వంగి పక్కకెళ్ళి పోవాలె."

ఆ రెండు అంగలు ఆమె లెక్కల లేకుండె. కలిపి చూస్తే రెండు గుర్తులు ఒక్కటైనయి. ఆ మట్టిగుంత మీదనే మేకు కొట్టించింది.

బోరు బండి మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. బుధవారం, గురువారం రాయి తొలిచింది. శుక్రవారం పొద్దున హరీష్ కారు దిగేటప్పటికి డెబ్బై ఎనిమిది మీటర్లు. ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఎనభై. నల్లటి బొగ్గుపొడి పైకొస్తున్నది. ఎనభై రెండు. బొగ్గే. బోరు మేస్త్రీ తల అడ్డంగ ఊపిండు, "గట్టిగనే ఉన్నది మేడం." మమతారాణి ఆ పొడిని గుప్పిట్ల పట్టి చూసింది. అంతయ్య మాత్రం మోదుగ చెట్టు మొదట్ల బాసింపట్టేసుకొని కూసున్నడు.

"ఇంకో రెండు గజాలు పోనీయి. నేలను కాదు, బాయిని అడుగు," అన్నడు.

ఎనభై నాలుగు మీటర్ల కాడ రాడ్డు జర్రున జారింది. మేస్త్రీ కెవ్వుమని బ్రేకు పట్టిండు. మూడు మీటర్లు ఊరికే, గాలిల పడ్డట్టు పడ్డది. లోపలి నీళ్ళు ఎగదన్నంగ బోరుల నుంచి ఒక గోరువెచ్చటి ఊపిరి పైకి తన్నుకొచ్చి, బుగ్గల మీది బొగ్గుపొడిని లేపింది.

మమతారాణి ఒక్క కేక వేసింది. ఎవరేమనుకుంటరో చూసుకోలే. ఉరికిపోయి అంతయ్య రెండు చేతులు పట్టుకుంది. హరీష్ బోరు కాడికి వచ్చి వంగి ఆ గాలిని మొకం మీద పట్టుకున్నడు. జేబుల నుంచి ఫోను తీసి, "ఆ ఆర్డరు ఆపండి," అన్నడు.

కొత్త బోరుల వేడినీళ్ళు దింపిన్రు. వారం. రెండు వారాలు. నెల. ఇరవై తొమ్మిది పాయింటు రెండు. అంతకు మించి సూది కదలలే.

మే నెల దాక మూడు నెలలు మమతారాణి బెల్లంపల్లిలనే కిరాయి ఇల్లు తీసుకొని ఉన్నది. గొట్టాల వెడల్పు, పంపుల సైజు, బీరువా బీరువాకు పారే నీళ్ళు, అన్నీ తనే దగ్గరుండి చూసింది. ఒక ముచ్చటల మొండిగ నిలబడ్డది. నూట ఇరవై కిలోవాట్ల బీరువాకు నీళ్ళు ఒక్క నిమిషం ఆగినా చిప్పులు మాడిపోతయి. అందుకని మిషను నీళ్ళు తిప్పే పంపులకు బ్యాటరీలు పెట్టించింది, పక్కన చల్లనీళ్ళ పెద్ద ట్యాంకు కట్టించింది. కరెంటు పోయినా, బాయి పంపు ఆగినా పది నిమిషాలు ఆ ట్యాంకే సాకాలె. "గింత పెద్ద ట్యాంకు అవసరమా?" అని హరీష్ రెండుసార్లు అడిగిండు. రెండుసార్లు అవసరమే అన్నది.

అంతయ్య రోజూ వచ్చేటోడు. ఒకరోజు బీరువాలను చూసి, "గివి ఏం జేస్తయి బిడ్డా?" అన్నడు.

"లెక్కలు చేస్తయి తాతా. కోట్ల లెక్కలు ఒక్కపాలి. మనుషుల మాట విని జవాబు చెప్పుడు నేర్చుకుంటయి."

"సదువుకుంటయన్నట్టు."

"అవును."

"సదువుకు గింత వేడా! మా పిల్లలకెన్నడు జరం గూడ రాకపాయె."

మే నెల పద్నాలుగున ఆఖరి పరీక్ష. అసలు మిషన్ల జాగల హీటర్లు పెట్టి, నిండు లోడు మీద ఆరు గంటలు నడపాలె. పొద్దున పదకొండుకు మొదలుపెట్టిన్రు. బైట నలభై ఏడు డిగ్రీలు. రోడ్డు మీద తారు కరుగుతున్నది, కాకి గూడ కనిపిస్తలే. లోపల నలభై ఎనిమిది బీరువాలు నిండుగ కాలుతున్నయి. వాటికి పోయే నీళ్ళు ముప్పై నాలుగు. తెరల మీద పచ్చటి అంకెలు నిలకడగున్నయి. హరీష్ గంటగంటకు కాయిదం మీద రాసుకుంటున్నడు.

మూడున్నరకు పడమటి దిక్కు మబ్బు ఎర్రగైంది. ఐదు నిమిషాలల్ల గాలిదుమారం లేచింది. రేకులు దడదడలాడినయి. ఎక్కడ్నో తీగ తెగింది, బుస్సుమని కరెంటు పోయింది. అది పరీక్షల లేదు. కరెంటు తీసి చూసే పరీక్ష వచ్చే వారం ఉండె.

మొదటి జనరేటరు గుర్రుమని, దగ్గి, ఆగిపోయింది.

హీటర్లు బ్యాటరీల మీద కాలుతనే ఉన్నయి. బాయి పంపు ఆగింది. కాని గొట్టాలల్ల నీళ్ళు ఆగలే. చిన్న పంపులు బ్యాటరీల మీద అదే సుతిల తిరుగుతున్నయి, ట్యాంకు నీళ్ళు పారుతున్నయి. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ముప్పై ఐదున్నర. హరీష్ గడియారం పట్టుకున్నడు. నిమిషం. నిమిషమున్నర. రెండో జనరేటరు ఒక్కపాలి అందుకుంది. రెండు నిమిషాల పది సెకన్లకు లైట్లు వచ్చినయి, బాయి పంపు లేచింది. ముప్పై ఆరు ముట్టిన అంకె ఆగి, మెల్లగ దిగుడు మొదలుపెట్టింది. నలభై దాటొద్దన్న గీత ఇంకా చాన దూరముంది.

హరీష్ గడియారం జేబుల పెట్టుకున్నడు. "చిల్లర్లు పెట్టుంటె ఏమైతుండె?" అని తనకు తనే అడిగినట్టన్నడు. "కరెంటొచ్చినంక అవి మళ్ళ అందుకునేదానికి ఐదారు నిమిషాలు."

"అవును సార్," అన్నది మమతారాణి.

ఆయన పరీక్షల కాయిదం తీసిండు. 'కరెంటు అంతరాయం పరీక్ష, వచ్చే వారం' అని ఉన్న కాడ అడ్డంగ గీత కొట్టి, పక్కన పెద్ద అక్షరాలతోని 'ఐపోయింది. గెలిచినం' అని రాసి సంతకం పెట్టిండు. ఆ కాయిదం చేతికిచ్చుకుంట, "మీరు గెలిచిన్రు అని రాయాలె. నేను గూడ ఉన్ననని రాసుకున్న," అని మొదటిసారి మనసు నిండ నవ్విండు. గదిల ఉన్నోళ్ళందరు చప్పట్లు కొట్టిన్రు. ఎవరో ఈల వేసిన్రు. బైట వాన మొదలైంది, పెద్ద పెద్ద చినుకులు.

వాన తగ్గినంక భూమవ్వ వాడకట్టు ఆడోళ్ళను ఎంటబెట్టుకొని వచ్చింది. బిల్డింగుకు ఊరి నీళ్ళు వచ్చే నల్ల మీటరు చూపియ్యమన్నది. మమతారాణి చూపింది. పనోళ్ళ తాగునీళ్ళకు, కాళ్ళు చేతులు కడుక్కునేదానికి తప్ప అండ్ల అంకె లేదు. భూమవ్వ వంగి కొంగుతోని అద్దం తుడిచి మళ్ళ చూసి, "మాట నిలబెట్టినవు బిడ్డా," అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది.

అంతయ్య పంపుల గదిల ఉండె. బాయి నుంచి వచ్చే గొట్టం మీద ఒక చెయ్యి, బాయికి పోయే గొట్టం మీద ఒక చెయ్యి పెట్టుకొని నిలబడ్డడు. ఒకటి చల్లగ, ఒకటి వెచ్చగ. కండ్లల్ల నీళ్ళున్నయి.

"ముప్పై ఏండ్లు గీ నీళ్ళను దుష్మన్ లెక్క తోడి పారబోసిన. ఇద్దరు దోస్తులను గూడ గీ నీళ్ళే మింగినయి. బాయి బందైననాడు, నా పని అంత గంగల కలిసిందనుకున్న." వెచ్చటి గొట్టాన్ని తట్టిండు. "గియ్యాల నీళ్ళు పనికి ఎక్కినయి. నేను గూడ ఎక్కినట్టే."

జూన్ల అసలు మిషన్లు వచ్చినయి. ఆ వారమే హరీష్ రెండో హాలు డిజైన్ మమతారాణికే అప్పజెప్పిండు, ఇది రెండింతలది. బాయికి కొత్త నక్ష గీయాలె, ఉగాది నుంచి దీపావళి దాక తవ్విన తొవ్వలన్నీ అండ్ల ఎక్కాలె. కాయిదం కింద పేర్లు రాసే జాగల డిజైన్ కాడ ఆమె పేరు, బాయి తొవ్వలు చూపినవారు కాడ అంతయ్య పేరు అచ్చువేయించింది. హైదరాబాదు ఆఫీసుల ఎవరో ఆయన డిగ్రీ ఏందని అడిగితే, "ముప్పై ఏండ్లు," అని చెప్పింది.

మర్నాడు పొద్దున ఇద్దరు కలిసి తూర్పు దిక్కు బోర్లకు జాగ పెట్టేదానికి బయలెల్లిన్రు. తొలకరికి నేల మెత్తబడ్డది, గడ్డి పచ్చగ మొలిచింది. మమతారాణి సర్వే పరికరం భుజాన వేసుకొని లేస్తుండంగనే ముసలాయన యాభై గజాలు ముందట పోయిండు, వెనుకకు మర్రి చెయ్యి ఊపిండు.

"జర జల్ది నడువు బిడ్డా! తూర్పు దిక్కు తొవ్వలు ఇంకింత పెద్దయి!"